మా అన్నయ్య కడుపులోని మందు

డెబ్బైల మొదట్లో ఒక వేసవిలో మా అమ్మ మా వదినను పుట్టింటికి పంపించెయ్యాలని నిశ్చయించుకుంది. వదిన చేసిన నేరం ఏమీ లేదు. మా అన్నయ్యకు కడుపునొప్పి, అంతే.

అప్పుడు మేము బెజవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. అన్నయ్య రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా. నేను ఆడపిల్లల కాలేజీలో సైన్సు లాబులో పనిచేస్తూ, ఆదివారాలు హేతువాద సభల్లో ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. నాన్న పోయి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచీ అమ్మ మడి కట్టుకుని తన వంట తనే వండుకునేది, తన నీళ్ళు తనే తోడుకునేది. ఇంకొకరి చేతి ముద్ద ముట్టుకునేది కాదు. ఆ మడి మీద నేను ఆవిడతో పోట్లాడని వారం లేదు. సభలో ఎంతమంది నోరైనా మూయించగలిగేదాన్ని గానీ, మా అమ్మను వంటింటి గడప దగ్గర ఒక్కసారీ గెలవలేకపోయాను.

అన్నయ్య నొప్పి పెళ్ళయిన ఆరు నెలలకు మొదలైంది. అన్నం తిన్న అరగంటకల్లా పేగులను ఎవరో తాడు పేనినట్టు మెలిపెట్టేది. కడుపు ఉబ్బిపోయేది. నాలుగు రోజులు విరేచనం కాదు, తర్వాత రెండు రోజులు ఆగదు. ఆఫీసులో సగం పూట దొడ్డికి తిరగడంతోనే సరిపోయేది. మనిషి చిక్కిపోయాడు. డాక్టరుగారు మలం, రక్తం పరీక్షలు చేయించి, తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీయించారు. పుండు లేదు, పురుగు లేదు, కంతి లేదన్నారు. పేగులకు చిరాకు ఎక్కువ, దీన్ని ఇరిటబుల్ కోలన్ అంటాం, చంపదు, వదలదు అని చెప్పి మాత్రలు రాశారు.

“ఏమీ లేకపోతే నొప్పెందుకొస్తుందే? డాక్టరుకు కనపడనిది ఏదో లోపల ఉందన్నమాట,” అంది అమ్మ.

ఆ కనపడనిదానికి మా వైపు ఒక పేరుంది: మందు పెట్టడం. మొగుణ్ణి తన మాట మీద నడిపించుకోవడానికి పెళ్ళాం అన్నంలోనో తీపిలోనో ఏదో కలిపి పెడుతుందని, అది పేగును అంటుకుని గడ్డ కట్టి మనిషిని తొలిచేస్తుందని నమ్మకం. కృష్ణా జిల్లాలో ఈ నమ్మకానికి కులం, మతం, చదువు ఏవీ అడ్డం రాలేదు. ఒక్క సంగతి మాత్రం నేను గమనించాను. మొగుడు పెళ్ళానికి మందు పెట్టాడన్న మాట నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు. మగవాడికి వస్తే అది మందు. ఆడదానికి వస్తే ఒట్టి కడుపునొప్పి.

వదిన మీద సాక్ష్యం కూడా ఉంది. అది ఆమె కాచిన కషాయం.

వదినది ఉయ్యూరు పక్క పల్లె, చెరకు తోటల నడుమ ఊరు. వాళ్ళ నాయనమ్మ ఇంట్లో అందరి కడుపులకూ కాచి ఇచ్చే కషాయం ఒకటి ఆమెకు తెలుసు. వాము, సోంపు, శొంఠి కచ్చాపచ్చాగా దంచి నీళ్ళలో మరిగించి, దించాక గుప్పెడు పుదీనా వేసి మూతపెట్టడం. అమ్మ మడి వంట పూర్తయ్యేదాకా వంటింట్లోకి వెళ్ళకూడదు కాబట్టి పెరట్లో కుంపటి మీద కాచేది. పెరట్లో ఒక్కతే కూర్చుని ఏదో మరిగిస్తూ, మూత తీసి వాసన చూస్తున్న కోడలిని పిట్టగోడ మీంచి నలుగురూ చూశారు. అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ నా పాత్ర కూడా చెప్పాలి, దాచుకుంటే నేను చేసే వాదాలకు అర్థం లేదు. ఆ రోజుల్లో నాకు మంత్రమూ వేరూ ఒకటే. భూతవైద్యుడి విభూతీ నాటువైద్యుడి ఆకూ ఒకే తానులో గుడ్డలని సభల్లో చప్పట్ల మధ్య చెప్పేదాన్ని. ఒక ఉదయం వదిన కాచిన గిన్నెడు కషాయం తూములో పారబోసి, అన్నయ్యకు ఈ ఆకులూ అలములూ పట్టించవద్దన్నాను. అమ్మ అది చూసింది. ఆ సాయంత్రం వీధిలో చెప్పిందట, దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మని మా అమ్మాయే ఆ కషాయం చూసి భయపడి పారబోసిందమ్మా, అందులో ఏం కలిసిందో ఆలోచించుకోండి అని. మూఢనమ్మకాల మీద యుద్ధం చేస్తున్నాననుకుంటూ నేను వెళ్ళి మూఢనమ్మకం పక్షాన సాక్షి బోనెక్కాను.

గన్నవరం దాటాక ఒక పల్లెలో మందు కక్కించే ఆయన ఉన్నాడని అమ్మకు ఎవరో చెప్పారు. అన్నయ్య ఎటూ తేల్చని మనిషి. తీయించుకుంటే పోయేదేముంది అన్నాడు. నేను వద్దని అరిచాను. ఎవరూ వినకపోతే కనీసం కళ్ళారా చూద్దామని వాళ్ళతో బస్సెక్కాను.

తాటాకు పందిరి కింద పదిహేనుమంది దాకా కూర్చుని ఉన్నారు. ఆయన యాభై ఏళ్ళ మనిషి, తెల్ల పంచె, నెమ్మదైన మాట. పరగడుపున వచ్చిన అన్నయ్య చేత చెంబెడు పచ్చటి పసరు తాగించాడు. చుట్ట కాల్చుకున్నంత సేపు ఊరకే కూర్చోబెట్టాడు. తర్వాత ఉప్పునీళ్ళు పట్టించి, వీపు మీద చరిచి, మట్టి మూకుట్లోకి కక్కించాడు. మూకుట్లో ముదురాకుపచ్చ గడ్డ ఒకటి పడింది. కోడిగుడ్డంత ఉంటుంది, కదిపితే వణికింది. ఆయన దాన్ని పుల్లతో ఎత్తి పందిరి కింద అందరికీ చూపించాడు. ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఆడమనిషి తీపిలో పెట్టిందని చెప్పాడు.

గడ్డ నా కళ్ళముందే ఉంది. నా హేతువాదం దగ్గర దానికి సమాధానం లేదు.

ఇంటికి వస్తూనే అమ్మ ముహూర్తం పెట్టింది. మంగళవారం, శుక్రవారం ఆడపిల్లను పంపకూడదు కాబట్టి వచ్చే సోమవారం. నింద వేసి పంపడానికి కూడా మంచిరోజు చూసింది మా అమ్మ. ఒకసారి అలా వెళ్ళిన ఆడపిల్ల తిరిగి రావడం మా వీధిలో ఎవరూ చూడలేదు. వదినకు తండ్రి లేడు. అన్నగారికి ముగ్గురు ఆడపిల్లలు. మేనత్త మందు పెట్టిందన్న మాట వాళ్ళ ముగ్గురి పెళ్ళిళ్ళకూ అడ్డం నిలుస్తుంది.

వదిన ఏడవలేదు. పెట్టెలో చీరలు సర్దుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ నన్ను అడిగింది.

“నువ్వూ నమ్ముతున్నావా?”

“లేదు వదినా.”

“మరి నా కషాయం ఎందుకు పారబోశావు?”

ఇప్పటికీ ఆ ప్రశ్నకు నేను తలవంచుకునే ఉన్నాను.

మర్నాడు వదిన బట్టలు ఉతుకుతూ నన్ను పెరట్లోకి పిలిచింది. అన్నయ్య మూతి తుడుచుకున్న తువ్వాలు ఆమె చేతిలో ఉంది. ఆకుపచ్చ మరక ఎండి జిగురు కట్టింది. తడిపితే మళ్ళీ వేళ్ళ మధ్య జారుతోంది. వాసన చూసి, ఇది దూసరాకు అంది. వాళ్ళ ఊళ్ళో పొలం కంచెల మీద పాకే తీగ. చిన్నప్పుడు ఆ ఆకు నీళ్ళలో పిసికి, కదపకుండా పెట్టి, గడ్డకట్టాక ముక్కలు కోసుకుని జున్ను అమ్మే ఆట ఆడేవాళ్ళట.

నేను కాలేజీకి సెలవు పెట్టి ఆ పూటే ఉయ్యూరు బస్సెక్కి, కాలవగట్టు మీద వదిన చెప్పిన తీగ వెతికి సంచీ నిండా కోసుకొచ్చాను. వదిన గుప్పెడు ఆకు గిన్నెడు నీళ్ళలో పిసికి, వడగట్టి, గాజుగ్లాసులో పోసి అమ్మ ముందు పెట్టింది. పసరు నీళ్ళలాగే ఉంది. కాసేపటికి గ్లాసు వంచితే ఒలకలేదు. తిరగేసి పళ్ళెంలో కొడితే ఆకుపచ్చ గడ్డ దబ్బున పడింది, వణికింది. అన్నయ్య మొహం చూడాలి. తన కడుపులోంచి వచ్చిందనుకున్నది ఇంట్లో పళ్ళెంలో కూర్చుని ఉంది.

“గ్లాసుకు ఎవరు మందు పెట్టారమ్మా?” అన్నాను.

మా అమ్మ సభలకు రాలేదు గానీ, వస్తే మమ్మల్నందరినీ ఓడించేసేది. గ్లాసులో గడ్డ కట్టిందని కడుపులో మందు లేదని ఎలా చెబుతావే అంది. ఆకు గడ్డ కట్టొచ్చు, మందూ ఉండొచ్చు, రెండూ కలిసే రావచ్చు. నిజమే.

వాదసభల్లో మాకు ఒక అలవాటు నేర్పారు. ఎదుటివాణ్ణి ఓడించాలనుకునే ముందు, ఏం చూపిస్తే ఓడినట్టు ఒప్పుకుంటావో అతని నోటితోనే చెప్పించాలి. లేకపోతే వాదం గానుగెద్దు నడక. నేను అదే అడిగాను. ఏం చూస్తే మందు లేదని ఒప్పుకుంటావమ్మా?

అమ్మ పీట ముందుకు జరుపుకుంది. ఎవరూ మందు పెట్టడానికి వీల్లేని మనిషి ఆ పసరు తాగాలి, అప్పుడు ఆయన ఏం కక్కిస్తాడో చూడాలి అంది. అటువంటి మనిషి ఎక్కడ దొరుకుతుందన్నాను. అమ్మ నా వైపు జాలిగా చూసింది.

“నీ కళ్ళెదురుగానే ఉన్నానుగా. నా కడుపులో మందు పెట్టగల మొనగత్తె ఇంకా పుట్టలేదు.”

నేను పదకొండేళ్ళుగా తిట్టిపోసిన మడి అప్పుడు నాకు అర్థమైంది. ఏ లాబులోనూ మేము తయారుచెయ్యలేని నమూనా మా వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. మడి కూడని పనే, ఇప్పుడూ అదే అంటాను. కానీ చేతిలోకి వచ్చిన ఆధారాన్ని అది ఎక్కడి నుంచి వచ్చిందని చూసి పారబోసే తప్పు అప్పటికే ఒకసారి చేశాను.

శనివారం పొద్దున్నే అమ్మా నేనూ గన్నవరం బస్సెక్కాం. ఊరివాళ్ళ పసరు తాగితే మడి ఏమవుతుందని నేను ఆటపట్టించబోతే, మందుకు మడి లేదని ఆవిడే తీర్పు చెప్పుకుంది. అన్నయ్యతో వచ్చినవాళ్ళమని ఆయన గుర్తుపట్టలేదు. రోజూ ఎంతమందో వస్తారు. అమ్మ కడుపులో నొప్పి అని మాత్రం చెప్పి ఊరుకుంది. చెంబెడు పసరు కళ్ళు మూసుకుని గడగడా తాగేసింది. చుట్ట కాల్చుకున్నంత సేపు గడిచింది. ఉప్పునీళ్ళు, వీపు మీద చరుపు. మూకుట్లో గడ్డ పడింది. అన్నయ్య గడ్డకు కవలపిల్లలా ఉంది.

ఆయన పుల్లతో ఎత్తి పట్టుకున్నాడు. “చూశారా అమ్మా, మూడేళ్ళ నాటి మందండి. మీ ఇంట్లో తిరిగే చిన్నదే, తీపిలో పెట్టిందండి.”

అమ్మ మూతి కడుక్కుంది. కొంగు సర్దుకుంది. గొంతు పెంచకుండా, పందిరి చివరిదాకా వినపడేలా మాట్లాడింది.

“నాయనా, నేను పదకొండేళ్ళుగా నా చేత్తో వండుకున్నదే తింటున్నాను. నీళ్ళు కూడా నేను తోడుకున్నవే. తీపి తిని పదకొండేళ్ళయింది.”

“అయితే అంతకుముందుదై ఉంటుందండి. కొన్ని పాతబడి గట్టిపడతాయండి.”

“అంతకుముందు నాకు వండిపెట్టింది మా అత్తగారు, ఆవిడకంటే ముందు మా అమ్మ. ఇద్దరిలో ఎవరు పెట్టారో చెప్పు.”

ఆయన ఆకు చెప్పిందే తాను చెబుతానన్నాడు.

“ఆకు మాట మాకూ తెలుసు. నా కోడలు గ్లాసులో పోసి చూపించింది.” అమ్మ వెనక్కి తిరిగి, వంతు కోసం కూర్చున్నవాళ్ళతో అంది, “ఇంటికి పోయి మీ పెళ్ళాలకూ కోడళ్ళకూ చెప్పుకోండమ్మా, మీ తప్పేమీ లేదని.”

ఒకతను లేచి, భార్య చెయ్యి పట్టుకుని పందిరి బయటికి నడిచాడు. మిగతావాళ్ళు కదల్లేదు. ఒక్కరు లేచారు, అది చాలు. నేను ఎన్నో ఉపన్యాసాలిచ్చాను, నా మాట మీద అలా అక్కడికక్కడ లేచి వెళ్ళినవాళ్ళను చూడలేదు.

అన్నయ్య కడుపు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గడ్డ కక్కిన మూడోనాటికే నొప్పి తిరిగి వచ్చింది, వస్తుంది కదా. ఈసారి వదిన కషాయాన్ని పారబోయకుండా పరీక్షకు పెట్టాను. సీసాలు రెండు. ఒకదాంట్లో వాము, సోంపు, శొంఠి, పుదీనా. రెండోదాంట్లో రంగు కోసం కాస్త బెల్లం, కారానికి మిరియం. వాసనకు గుర్తుపట్టకుండా ముక్కు మూసుకుని తాగమన్నాం. ఏ పూట ఏ సీసా ఇచ్చేదీ నాకూ వదినకూ మాత్రమే తెలుసు. నోటుబుక్కులో అన్నయ్యే ఏం తిన్నాడో, ఎప్పుడు నొప్పి వచ్చిందో, ఎంతసేపు ఉందో రాసుకున్నాడు. రెండు నెలలయ్యాక విప్పి చూస్తే వాము సీసా తాగిన పూటల్లో మెలిపెట్టడం తొందరగా సద్దుమణిగింది. మిరియం సీసా కూడా కొన్నిసార్లు పనిచేసింది, అది మాకు వినయం నేర్పింది. పైఅధికారి తనిఖీకి వచ్చిన రోజుల్లో ఏ సీసా పనిచెయ్యలేదు. ఇంకో సంగతి బయటపడింది. పార్సిలు ఆఫీసు ఎదుట బడ్డీలో చిక్కటి పాల టీ నాలుగైదు కప్పులు తాగిన రోజులే ఎక్కువ చెడ్డరోజులు. టీ మాని మజ్జిగ పట్టాడు. పడుకునేముందు ఇసబ్‌గోలు నీళ్ళలో కలుపుకుని తాగాడు. డాక్టరుగారు నోటుబుక్కు అంతా చదివి, నా మాత్రల కంటే ఇది బాగుంది, కానివ్వండి అన్నారు. అయితే రక్తం పడినా, జ్వరం వచ్చినా, ఊరికే మనిషి చిక్కిపోయినా వాము నమ్ముకుని కూర్చోవద్దని గట్టిగా చెప్పారు. నొప్పి పూర్తిగా పోలేదు. చంపదు, వదలదు అని ఆయన ముందే అన్నారు. కానీ అన్నయ్య ఒళ్ళు చేశాడు, సెలవులు తగ్గాయి.

ఆకులో గుణం ఉంటుంది. అది ఉందో లేదో చూసి తెలుసుకోవాలి. చూడకుండా మొక్కడం, చూడకుండా పారబోయడం ఒకే సోమరితనానికి రెండు ముఖాలు. ఆ తర్వాత నేను సభలో ఈ మాట చెప్పి, నా పాత ఉపన్యాసాన్ని నేనే ఖండించుకున్నాను. చప్పట్లు తక్కువ పడ్డాయి.

ఆ శనివారం సాయంత్రానికి వస్తాను. మేము ఇంటికి చేరేసరికి వదిన పెట్టె కట్టుకుని వరండాలో పెట్టుకుంది. సోమవారం దాకా ఆగనక్కర్లేదని అన్నయ్యతో చెప్పిందట. అమ్మ చెప్పులు విడవకుండానే, నీ తప్పేమీ లేదమ్మా, పెట్టె లోపల పెట్టు అంది. అమ్మ నోటి వెంట అంతకుమించిన క్షమాపణ నేనెప్పుడూ వినలేదు. పండగలా అయిపోతుందనుకున్నాను. వదిన కదల్లేదు.

“నాకు చెబితే ఏం లాభం అత్తయ్యగారూ? నేను పెట్టలేదని నాకు ముందే తెలుసు. నేను మందు పెట్టానని మీరు చెప్పింది వీధికి. వీధికి చెప్పండి.”

అన్నయ్య ఏదో సర్దిచెప్పబోయాడు. నీకు తెలియదు ఊరుకోరా అని అమ్మే అతని నోరు మూయించింది. వదిన న్యాయం అడిగిందని ఆవిడకు అర్థమైంది. న్యాయం దగ్గర మా అమ్మ బేరమాడే మనిషి కాదు.

అలా బయల్దేరారు ఇద్దరూ. ముందు అమ్మ, పక్కన వదిన, తల దించుకోకుండా. వెనక నేను. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డవాళ్ళకు, తర్వాత పక్కింటివాళ్ళకు, ఆ తర్వాత మేడమీదివాళ్ళకు, వదిన మందు పెట్టిందని అమ్మ ఎంత గట్టిగా చెప్పిందో అంత గట్టిగానే పెట్టలేదని చెప్పింది. నాది తప్పు అన్న మాట మొదటి ఇంటి దగ్గర కాస్త ఆలస్యంగా వచ్చింది. మూడో ఇంటికి వచ్చేసరికి ధారాళంగా వచ్చేసింది. ఒకావిడ నవ్వి, ఏమండీ ఇప్పుడు మీకూ పెట్టేసిందా అని వేళాకోళం చేసింది. పెట్టేసిందమ్మా, బుద్ధి పెట్టింది, మీకూ కాస్త పంపించమంటారా అంది అమ్మ. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వీధి చివర ఇల్లు ఒక రిటైరైన టీచరమ్మది. క్రైస్తవ కుటుంబం. చర్చిలో పాటలు ఆవిడే నేర్పేది. రెండేళ్ళ కిందట వాళ్ళ అబ్బాయికీ ఇలాగే కడుపునొప్పి వచ్చింది, వాళ్ళ కోడలినీ ఇలాగే నూజివీడు పంపించేశారు. అమ్మ చెప్పినదంతా ఆవిడ గుమ్మంలో నిలబడే విన్నది. అమ్మను ఏమీ అడగలేదు. వదిన వైపు తిరిగి, నీకు కోపం రాలేదా అమ్మాయీ అని మెల్లగా అడిగింది.

“వచ్చిందండి. ఇంకా పోలేదు. మీ కోడలికీ ఉండే ఉంటుంది. వెళ్ళి అడగండి.”

టీచరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మేము ఇల్లు చేరాక వదిన తన పెట్టె తనే మోసుకుని గదిలో పెట్టుకుంది. సోమవారం పొద్దున వీధి మలుపులో నూజివీడు బస్సు కోసం నిలబడ్డది టీచరమ్మ. ఆ వారం చివర రిక్షాలో వెనక్కి వచ్చినప్పుడు ఆవిడ పక్కన కోడలు కూర్చుని ఉంది.